ఈ వయసులో పళ్ళెందుకు?

తెలుగులో పన్ను అనే మాటకి రెండర్థాలు. ఒకటి నోట్లో వుండేది. రెండోది సర్కారుకి కట్టేది. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, లోకం బాగా చూసినవాడే అయివుండాలి. మామూలు రోజుల్లో రెండింటినీ మనిషి తల్చుకోడు. వూడబెరికేటప్పుడే గోల పెడతాడు.

ఇక సామెతల సంగతి చెప్పనే అక్కర్లేదు. పళ్ళున్నప్పుడు శనగల్లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అన్నారు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని కూడా అన్నారు. నా విషయంలో మొదటి సామెత నిజం కావడానికి అరవయ్యెనిమిదేళ్ళు పట్టింది. రెండోది ఒక్క ముద్దలో నిజమైపోయింది.

పోయిన మాఘమాసంలో ఓ మధ్యాహ్నం మా యింట్లో ముద్దపప్పూ ఆవకాయా. రెండో ముద్దలోనే కందిపప్పుతో కలిసి వచ్చిన బెడ్డ ఒకటి కుడివైపు కింది దవడ పన్ను కింద పడింది. టక్కున చప్పుడైంది. ఆ చప్పుడు చెవిలో కాదు, తలలో వినిపించింది. "నేను ఏరిన పప్పులో బెడ్డ వుండదు. మీ పన్నే విరిగివుంటుంది" అంది మా ఆవిడ. తీసి చూస్తే యిద్దరి మాటా నిజమే. బెడ్డా వుంది, పన్ను ముక్కా వుంది. దాని పక్క పన్ను పదేళ్ళ కిందటే పిప్పిపట్టి పోయింది. ఇప్పుడిదీ పోతే కుడివైపు నమలడానికి ఏమీ మిగల్లేదన్నమాట.

మర్నాడు తెనాలిలో బస్సెక్కి గుంటూరు వెళ్ళాను. పళ్ళ డాక్టరు మా అమ్మాయి ఈడు పిల్ల. ఫోటో తీసి చూసి, "మాస్టారూ, పన్ను వేరుదాకా నిలువునా చీలిపోయింది. చీలకుండా వుంటే వేరుకి వైద్యం చేసి నిలబెట్టేదాన్ని. సొంత పన్నుని మించింది లేదు. కాని దీన్ని తియ్యక తప్పదు. ఖాళీలో రెండు ఇంప్లాంట్లు పెట్టుకుందాం" అంది.

"ఎంతవుతుందమ్మా?"

"రెండింటికీ కలిపి డెబ్భై వేలు."

హైదరాబాదులో వున్న మా అబ్బాయికి అక్కణ్ణించే ఫోను చేశాను. "దానికి నన్నడగడమేమిటి నాన్నా, చేయించుకోండి" అన్నాడు. నేను డాక్టరమ్మ వంక తిరిగి సరే అన్నాను. మొత్తం వ్యవహారానికి రెండు నిమిషాలు పట్టివుండదు.

ఈ రెండు నిమిషాల గురించే యీ వ్యాసం. అయితే ముందు ఆ ఇంప్లాంటంటే యేమిటో రెండు ముక్కలు చెప్పాలి.

దవడ ఎముకలో చిన్న మర బిగిస్తారు. సుమారు సెంటీమీటరు పొడుగు, నాలుగు మిల్లీమీటర్ల లావు. లోహం పేరు టైటానియం. బిగించాక మూడు నుంచి ఆరు నెలలదాకా సాధారణంగా దానికే పనీ చెప్పరు. ఆ కాలంలో ఎముక మర చుట్టూ పెరిగి, దాన్ని తనలో కలిపేసుకుంటుంది. ఆ తరవాతే దానిమీద పింగాణీ పన్ను బిగిస్తారు. నాకిది వింటే యిల్లరికపు అల్లుడు గుర్తుకొచ్చాడు. వచ్చీ రాగానే పని చెబితే పెట్టె సర్దుకుంటాడు. నాలుగు నెలలు ఊరుకుంటే ఆ యింటివాడే అయిపోతాడు, తరవాత తోసినా పోడు.

ఈ సంగతి కనిపెట్టినాయన స్వీడన్ దేశస్థుడు, పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్. ఆయన పళ్ళ డాక్టరు కూడా కాదు. 1952లో లుండ్ అనే వూళ్ళో, ఎముక లోపల రక్తం ఎలా పారుతుందో చూద్దామని కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన ఓ పరికరం పెట్టాడు. ఖరీదైన వస్తువు కదా, తీసి యింకో కుందేలుకి వాడుకుందామనుకున్నాడు. తీరా చూస్తే ఎముక దాన్ని వదల్లేదు. ఇంకొకడైతే విసుక్కుని వూరుకునేవాడు. ఆయన ఆ వదలకపోవడాన్నే పట్టుకున్నాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే ఆయన దవడలో మొదటిసారి యీ మరలు బిగించాడు. పుట్టుకతోనే దవడ సరిగా లేని మనిషి ఆయన. ఆ మరల మీదే నలభై యేళ్ళ పైచిలుకు నమిలి, 2006లో కన్నుమూశాడు. తోటి వైద్యులు మాత్రం యీ పనిని చాలాకాలం నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సభ తరవాత గాని లోకం వొప్పుకోలేదు.

అంతకు ముందు లోకం ఏం చేసిందో తెలిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో ప్రమాణ స్వీకారం చేసేనాటికి ఆయన నోట్లో మిగిలింది ఒక్క సొంత పన్ను. ఆయన కట్టుడు పళ్ళ సెట్లలో నీటిగుర్రం దంతమూ, మనుషుల పళ్ళూ వుండేవి. 1784లో నల్లవాళ్ళ దగ్గర తొమ్మిది పళ్ళు కొన్నట్టు ఆయన ఎస్టేటు పద్దుల్లోనే వుంది. అమ్మినవాళ్ళు బానిసలు, కొన్నవాడు యజమాని. ఇక ఆ బేరం ఎలాంటిదో మీరే వూహించుకోవచ్చు. 1815లో వాటర్లూ యుద్ధమయ్యాక చచ్చిపోయిన సిపాయిల నోళ్ళలోంచి పళ్ళు లాగి పట్టుకుపోయారు. అలా తెచ్చి చేసిన కట్టుడు పళ్ళకి వాటర్లూ పళ్ళనే పేరు. అంటే, ఆ రోజుల్లో ఒకరి నోరు నిండాలంటే యింకొకరి నోరు బోసి కావలసిందే. అప్పుడొక పెద్దమనిషి "నాకీ పళ్ళు వద్దు" అన్నాడంటే అందులో ధర్మం వుంది.

ఇప్పుడా యిబ్బంది లేదు. మర తయారుచెయ్యడానికి ఎవరి నోరూ కొల్లగొట్టక్కర్లేదు. ఇంక అడ్డం వచ్చేవల్లా ఒళ్ళూ, డబ్బూ, మనసూ. మొదటి రెండూ కొలవడానికి డాక్టర్లున్నారు, లెక్కలున్నాయి. మూడోదానికే కొలత లేదు.

పన్ను తీయించుకుని, బుగ్గలో దూది నొక్కుకుని, తిరుగుబస్సులో కూచున్నాను. మర ఎప్పుడు పెడతారు, గారె ఎప్పటికి కొరకొచ్చు అని వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటున్నాను. లెక్క శ్రావణమాసం దగ్గరికొచ్చింది. శ్రావణమాసం అనగానే మా యింట్లో జంతికలు వండే అమ్మ గుర్తుకొచ్చింది. అమ్మ గుర్తుకు రాగానే యింకో గుంటూరు ప్రయాణం గుర్తుకొచ్చింది. అప్పుడు పక్కసీట్లో కూచున్నది అమ్మే.

మా అమ్మ 1931లో పుట్టింది. డెబ్భయ్యో యేడు వచ్చేసరికి నోట్లో ఒక్క పన్ను లేదు. కట్టుడు పళ్ళ సెట్టు చేయించాం. పైసెట్టు అంగిటికి అతుక్కుని బుద్ధిగా కూచునేది. కింది సెట్టుకి పట్టుకోవడానికేముంది, నాలుక కదిలినప్పుడల్లా లేచి తేలేది. ఓసారి పెళ్ళి పంక్తిలో మాట్లాడుతుండగా జారి విస్తట్లో పడింది. పక్కనున్న పిల్లలు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ మర్నాడు దాన్ని పాత రుమాల్లో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. ఆ తరవాత పెళ్ళి పంక్తుల్లో కూచోలేదు.

ఇంట్లో కూడా మా అందరి భోజనాలయ్యాక వంటింట్లో ఓ మూల కూచుని తినేది. మెత్తగా పిసికిన అన్నం, చారు, మజ్జిగ. తాంబూలం చిన్న రోట్లో దంచుకునేది. మనవల కోసం జంతికలు వండి డబ్బాల కెత్తేది. ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరించి, మెత్తబడ్డ తరవాత మింగేది. "బాగా కరకరలాడుతున్నాయిటరా?" అని మమ్మల్ని అడిగేది. తను వండినవి తనకి తెలియక అడుగుతోందని మాకెప్పుడూ తోచలేదు.

ముప్ఫయి మూడేళ్ళు బళ్ళో తెలుగు చెప్పినవాణ్ణి. త, థ, ద, ధ, న లు దంత్యాలనీ, నాలుక కొన పంటికి తగిలితేనే అవి పుడతాయనీ యెన్ని వందలమంది పిల్లలకి చెప్పానో లెక్కలేదు. సాయంకాలం దీపం పెట్టి మంగళహారతి పాడే మా అమ్మ గొంతులో ఆ అక్షరాలు ఒక్కొక్కటీ జారిపోతుంటే మాత్రం గమనించలేదు. కొన్నాళ్ళకి హారతి పాట పాడ్డమే మానేసింది. "ఓపిక తగ్గింది" అనుకున్నాం. తగ్గింది ఓపిక కాదు.

2009లో చిగుళ్ళు ఒరుసుకుపోయి నొప్పి చేస్తే గుంటూరు తీసుకెళ్ళాను. అప్పుడు చూసిన డాక్టరు పెద్దాయన. "కింది దవడలో ముందువైపు రెండే రెండు మరలు పెడదాం. సెట్టుని వాటిమీద టిచ్ బటన్ నొక్కినట్టు నొక్కితే చాలు. ఇక తేలదు" అన్నాడు. అదేమీ ఆయన సొంత కవిత్వం కాదు. పళ్ళు పూర్తిగా పోయిన కింది దవడకి, రెండు మరలు పట్టి వుంచే సెట్టునే మొదట ఆలోచించాలని 2002లోనే మాంట్రియల్లో కూడిన నిపుణులు ఏకాభిప్రాయంగా చెప్పారు. ఖర్చు కొత్త సెట్టుతో కలిపి అరవై వేలన్నాడు. అమ్మకి చక్కెర జబ్బు లేదు, రక్తపోటు కూడా అదుపులోనే వుంది. వయసు డెబ్భయ్యెనిమిది. "వయసుదేముందండీ, ఆరోగ్యం ముఖ్యం" అన్నాడాయన.

ఆ రాత్రి వసారాలో సమావేశమయ్యాం. అన్నయ్య, నేను, తమ్ముడు, వూరినుంచి వచ్చిన మేనమామ. అమ్మ లోపల గదిలో మంచం మీద పడుకుని వుంది. మెలకువగానే వుంది.

"ఈ వయసులో అమ్మకి కోతలెందుకురా?" అన్నాడు అన్నయ్య.

"తట్టుకోలేదు" అన్నాడు తమ్ముడు.

"మెత్తగా వండి పెడుతూనే వున్నాం గదా" అన్నాను నేను.

మావయ్య యింకాస్త ముందుకెళ్ళాడు. భజగోవిందంలో శంకరులు చెప్పిన ముసలివాణ్ణి తీసుకొచ్చి మా మధ్య కూచోబెట్టాడు. ఒళ్ళు సడలిపోయింది, తల నెరిసిపోయింది, నోట్లో పళ్ళు లేవు, కర్ర పట్టుకు నడుస్తున్నాడు, అయినా ఆశ వదల్లేదు. "పళ్ళు రాల్చడమే భగవంతుడు చేసే హెచ్చరిక. ఇంక రుచులు చాలించమని" అన్నాడు. చెప్పేవాడికి ముప్ఫయ్యొక్క పళ్ళున్నాయి. అప్పుడే భోజనం చేసి వక్కపలుకు కొరుకుతున్నాడు.

లోపల్నించి అమ్మ గొంతు వినిపించింది. "అవున్రా, నాకెందుకు? కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని."

మాకు కావలసింది అదే. సమావేశం ముగిసింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ వద్దనలేదు. ఎవరికీ చెడ్డపేరు రాలేదు. అందరికీ హాయిగా నిద్రపట్టింది.

అమ్మ ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికింది.

బస్సులో కూచుని ఆ లెక్క కూడా వేశాను. తొమ్మిదేళ్ళంటే 3,285 రోజులు. రోజుకి రెండు పూటలు చొప్పున 6,570 భోజనాలు. అరవై వేలని వాటితో భాగిస్తే భోజనానికి సుమారు తొమ్మిది రూపాయలు. 2018లో ఆవిడ పోయాక పెద్దకర్మ నాడు వూరందరినీ పిలిచి గారెలు, బూరెలు, పులిహోరతో విందు చేశాం. ఆ ఒక్కరోజుకి లక్షా యిరవై వేలయింది. ముగ్గురన్నదమ్ములం సమంగా వేసుకున్నాం. ఎందుకని ఒక్కరం అడగలేదు. ఆవిడ నమలలేని గారెలు వూరంతా నమిలి, "కొడుకులంటే అలా వుండాలి" అని మెచ్చుకుని వెళ్ళారు.

ఆవిడకి డెబ్భయ్యెనిమిది, నాకు అరవయ్యెనిమిది. పదేళ్ళ తేడా వుంది గదా అని మీరనవచ్చు. నేనూ ఆ సందు చూసుకున్నాను. ఆ సందులోంచి దూరి బయటపడదామనే చూశాను. కాని నిజం చెప్పొద్దూ, యీ పన్ను నాకు డెబ్భయ్యెనిమిదో యేట విరిగినా నేనా కుర్చీలోంచి రెండు నిమిషాల్లోనే సరే అనేవాణ్ణి. "ఈ వయసులో ఎందుకు?" అనే ప్రశ్నలో వయసెప్పుడూ ఎదుటివాడిదే అయివుంటుంది. తనకి తాను ఆ ప్రశ్న వేసుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. వేసుకున్నవాడుంటే అతను సన్యాసి. మనం వేసేది ఇంకొకరికి గనుక సంసారులం.

మావయ్య చెప్పిన భజగోవిందం గురించి యిప్పుడు నాకొకటి తోస్తుంది. శంకరులు ఆ మాటలు అబద్ధం చెప్పలేదు. ఆశకి అంతు వుండాలి. అయితే వైరాగ్యమనేది ఎవరికి వాళ్ళు తీసుకోవలసిన మందు. ఇంకొకరి నోట్లో పొయ్యకూడదు. నేను ఉపవాసముంటే అది ఏకాదశి. నేను యింకొకర్ని పస్తుంచితే దానికి ఏకాదశి అని పేరు పెట్టుకోవడం ఎంత పాపం! మేం ఆ రాత్రి వసారాలో కూచుని మా అమ్మ చేత మా వైరాగ్యం చేయించాం. ఆవిడ ఆశ చంపుకోవడానికి మేం శ్లోకం చదివాం. పైగా అది ఆశ కూడా కాదు. పంక్తిలో పదిమంది మధ్యా కూచుని అన్నం తినాలనుకోవడం, దేవుడికి పాడే పాట దేవుడికి అర్థమయ్యేట్టు పాడాలనుకోవడం ఆశ అయితే, ఇంక మనిషికి వుండవలసిన దేమిటి?

"ఆవిడే వద్దంది గదా" అని యింకో మాట వుంది. అంది, నిజమే. కాని మేం ఆవిణ్ణి అడగలేదు. మాలో మేం తేల్చుకున్నాం, ఆవిడ చెవిన పడేట్టు. మా తల్లుల తరానికి ఒక అలవాటు వుండేది. తమకు ఏం కావాలో బిడ్డల మొహాలు చూసి చెప్పేవాళ్ళు. మొహంలో ఖర్చు కనపడితే వాళ్ళ కోరిక మాయమయ్యేది. అలాంటి మనిషి వద్దన్న మాటని అనుమతిపత్రం కింద దాచుకోవడం పెద్ద తెలివితేటలేమీ కాదు.

డాక్టరమ్మ నాకు నా దవడ ఫోటో చూపించి మరో సంగతి చెప్పింది. పదేళ్ళ కిందట పన్ను పోయిన చోట ఎముక పలచబడి కిందికి కుంగిపోయింది. పక్కన పన్ను వున్న చోట నిండుగా వుంది. "ఎందుకమ్మా?" అంటే, "పన్ను వున్నంతకాలం నమిలే బరువు ఎముకకి అందుతుంటుంది మాస్టారూ. పన్ను పోయాక దానికి పని లేదు. పని లేని ఎముకని ఒళ్ళు కరిగించేసుకుంటుంది" అంది. ఆ పిల్ల నాకు దంతశాస్త్రమే చెప్పింది. నాకు మాత్రం వంటింటి మూల కనిపించింది. పంక్తిలోంచి లేచిపోయిన తరవాత మా అమ్మ మాట తగ్గింది. మాట తగ్గాక మేం సలహా అడగడం తగ్గింది. సలహా అడగనివాళ్ళని కొన్నాళ్ళకి సంగతులు కూడా అడగం. ఓ పన్ను, ఓ పాట, ఓ పంక్తి, ఒక్కొక్కటే. చివరికి యింట్లో వున్నా లేనట్టే అయిపోయింది. ముసలితనం వల్ల అలా అయిందని అందరం అన్నాం. అందులో ముసలితనం చేసింది ఎంతో, మేం చేసింది ఎంతో నాకిప్పుడు చెప్పడం కష్టం.

ఇదంతా చదివి, పళ్ళూడిన పెద్దవాళ్ళందర్నీ రేపే డాక్టరు దగ్గరికి యీడ్చుకెళ్ళమని నేను చెబుతున్నాననుకోకండి. చక్కెర జబ్బు అదుపులో లేనివాళ్ళకీ, పొగ తాగేవాళ్ళకీ మర అతకడం కష్టం. ఎముకల బలానికి కొన్నిరకాల మందులు వాడేవాళ్ళూ, దవడకి రేడియేషన్ చికిత్స అయినవాళ్ళూ ఆ సంగతి డాక్టరుతో ముందే చెప్పాలి. పైగా యీ కొత్త పన్ను సొంత పన్నుకి సాటి రాదు. సొంత పంటికీ ఎముకకీ మధ్య ఓ పలచని పొర వుంటుంది. ఇసుక రేణువు పంటికింద పడినా కబురు చెప్పేది ఆ పొరే. మరకి ఆ పొర లేదు. బెడ్డని పోల్చుకోవడంలో కాస్త మందబుద్ధి. దానికి పుచ్చడం తెలియదు గాని చుట్టూ వున్న చిగురు చెడిపోతుంది, అదీ నొప్పి లేకుండా. అందుచేత పుట్టిన పళ్ళకన్నా దీన్నే ఎక్కువ కనిపెట్టుకుని తోముకోవాలి. నిలబెట్టగల పన్నుని పీకి మర పెడతామనే చోటు నుంచి లేచి రావడం మంచిది.

డబ్బు సంగతి కూడా వుంది. ఫీజు కట్టకపోతే మనవరాలి చదువు ఆగిపోయే యింట్లో, తాతగారి పళ్ళకి డెబ్భై వేలు పెట్టమని ఎవరంటారు? అలాంటి యింట్లో తాతగారే వద్దంటారు, అది ఆయన గొప్పతనం. కాని అప్పుడు "నాన్నా, డబ్బు లేదు" అని చెప్పాలి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు, వినడానికి ఆయన బాధపడరు. లేనిది డబ్బయితే వయసుని సాక్ష్యానికి పిలవకూడదు. 2009లో మా ముగ్గురికీ కలిపి అరవై వేలు లేకపోలేదు. ఆ యేడే తమ్ముడు కారు కొన్నాడు, నేను మేడ మీద గది వేయించాను. మేం చెప్పిన కారణం అబద్ధమని మాకే తెలియదు. అంత ప్రేమగా చెప్పాం దాన్ని.

వేసవిలో నాకు మరలు పెట్టారు. ఆ సాయంత్రం మా ఆవిడ అడిగింది, "ఏమండీ, యిదీ కాలుతుందా చివరికి?" అని. టైటానియం కరగాలంటే 1,668 డిగ్రీల వేడి కావాలి. మన కట్టెల చితికి అంత వేడి రాదు. అస్థి సంచయనం నాడు మా వాడికి బూడిదలో రెండు మరలు దొరుకుతాయన్నమాట. మనిషిలో అన్నిటికన్నా ముందు పోతుందనుకున్న పన్ను, అన్నీ పోయాక మిగులుతుంది. ఆ మాటే చెబితే, "శుభమా అని పళ్ళు కట్టించుకుంటూ యీ మాటలేమిటి" అని అడిగిందే తను కసిరింది.

ఎముక మరని కలుపుకునేదాకా గట్టివి తినొద్దన్నారు. మెత్తగా పిసికిన అన్నం, చారు, మజ్జిగ తింటున్నాను. తాంబూలం దంచుకోవడానికి అటకమీంచి అమ్మ రోలు దింపించాను. లోపల గచ్చులా పేరుకున్న పాత సున్నం యింకా వుంది.

మా పిన్ని, అమ్మకి పదేళ్ళు చిన్నది, ఇప్పుడు మా యింట్లోనే వుంటోంది. యెనభై నాలుగేళ్ళు. నోట్లో పళ్ళు లేవు, కట్టుడు సెట్టుంది. ఓ రోజు భోజనాల దగ్గర పక్కన కూచోబెట్టుకుని, మొహం వీలైనంత మామూలుగా పెట్టుకుని, "పిన్నీ, గుంటూరు వెళదామా? కింది సెట్టు కదలకుండా రెండు మరలు వేయిస్తాను. ఖర్చు సంగతి నీకొద్దు. నీకు కావాలా, వద్దా, అదొక్కటి చెప్పు" అన్నాను. అంటూనే నాకు గొంతు కాస్త పట్టుకుంది. పదహారేళ్ళ కిందట అనవలసిన మాట గదా.

పిన్ని ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, నా వంక ఎగాదిగా చూసింది.

"నాకెందుకురా మరలూ గిరలూ? నా సెట్టు నాకు చక్కగా వుంది. నిన్ననే పకోడీలు తిన్నాను, నువ్వు చూళ్ళేదు. ఏదైనా చేయించాలనుంటే కళ్ళకి ఆపరేషను చేయించు. యేడాదినుంచీ నీ మొహం మసగ్గా కనిపిస్తోంది."

యేడాదినుంచీ! యేడాదినుంచీ రోజూ రెండుపూటలా యెదురుగా కూచుని అన్నం తింటున్నాను.

"మరి చెప్పవేం పిన్నీ?"

"అడిగావు గనకనా?" అంది, చారన్నంలోకి అప్పడం విరుచుకుంటూ.